బొమ్మలు గీయడానికి ఎముకలు ఎంతవరకు నేర్చుకోవాలి?

విభాగం: మనిషి బొమ్మ – మెళకువలు, సందేహాలు

సుద్దముక్క (తెనాలి)

అందరికీ నమస్తే. నేను పిల్లల కథలకి బొమ్మలు వేస్తుంటాను. ముఖాలు, చీర మడతలు, చెట్లు, పెంకుటిళ్ళు బాగానే వస్తాయి. మనిషి ఊరికే నిలబడి ఉన్నా పర్వాలేదు. బిందె ఎత్తడానికి వంగినట్టో, చెయ్యి చాచి మామిడికాయ కోస్తున్నట్టో గీయమంటే మాత్రం టెన్షన్. చెయ్యి భుజానికి అతికించినట్టు ఉంటుంది, నడుము రబ్బరులా సాగుతుంది. మొన్న ఒక ఎడిటర్ గారు "వీళ్ళ ఒంట్లో ఎముకల్లేవమ్మా" అని బొమ్మ తిప్పి పంపారు.

అస్థిపంజరం నేర్చుకో అని అందరూ అంటారు. పుస్తకం తెరిస్తే 206 ఎముకలు, నోరు తిరగని పేర్లు. బొమ్మలేసేవాళ్ళకి వీటిలో నిజంగా పనికొచ్చేవి ఎన్ని? ఎక్కడ మొదలుపెట్టాలి? కండరాలు ముందా, ఎముకలు ముందా?

బన్నీ_డూడుల్స్

ఫాలోయింగ్. నేను బైపీసీ. ఎముకలన్నీ బట్టీ కొట్టా. మార్కులొచ్చాయి, బొమ్మ రాలేదు.

బొగ్గుగీత (కాకినాడ)

అమ్మా సుద్దముక్కా, ముందు ఆ 206 అంకె చూసి బెదిరిపోకు. అందులో సగానికి పైన చేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నాయి. చేతికి 27, పాదానికి 26 చొప్పున నాలుగింటికీ కలిపి 106. పుర్రెలో 22 ఉన్నా నువ్వు గీసేవి రెండే, పై డొప్ప, కింది దవడ. చెవుల్లో ఉండే ఆరు చిట్టి ఎముకలతో ఏ చిత్రకారుడికీ పనిలేదు.

నడుము రబ్బరులా సాగుతుంది అన్నావు చూడు, జబ్బు అక్కడుంది. ఒంట్లో వంగేవేవో వంగనివేవో తెలియాలి. తల వంగదు. పక్కటెముకల గూడు వంగదు (ఊపిరికి కాస్త ఉబ్బుతుంది, అంతే). కటి భాగం అసలే వంగదు. ఈ మూడూ గట్టి ముద్దలు. వంపూ మెలికా అంతా వాటి మధ్యనున్న మెడలో, నడుములో కనబడాలి.

నిలబడి పక్కన చెయ్యి పెట్టి తడుముకో. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్య సందు రెండు మూడు వేళ్ళకి మించదు. మనం బొమ్మలో అక్కడ జానెడు జాగా వదిలేస్తాం. ఇప్పుడు కుడిపక్కకి వంగి చూడు. కుడివైపు ఆ సందు మూసుకుపోయి చర్మం మడత పడుతుంది, ఎడమవైపు తెరుచుకుని చర్మం బిగుస్తుంది. ఒకవైపు మడత, రెండోవైపు బిగువు. ఇది గీస్తే మనిషి వంగినట్టు ఉంటుంది. రెండువైపులా ఒకటే వంపు లాగేస్తే మీ ఎడిటర్ గారు అన్నదే నిజమవుతుంది.

కండరాల సంగతి తరవాత చూద్దాం. కండరం ఒక ఎముక మీద పుట్టి ఇంకో ఎముకని పట్టుకుంటుంది. ఆ రెండు చోట్లూ తెలియకుండా కండ గీస్తే ఒంటి మీద ఉబ్బులు తప్ప ఏమీ రావు.

ఇక సాధన. పేపర్లో ఆటల పేజీ తీసుకో. కబడ్డీ, కుస్తీ ఫొటోలైతే మేలు. పైన ట్రేసింగ్ కాగితం వేసి ఈ మూడు ముద్దలు మాత్రం గీయి. చేతులూ కాళ్ళూ వద్దు. తలకి గుడ్డు, పక్కటెముకలకి పెద్ద గుడ్డు, కటికి వాలుగా ఉన్న పెట్టె. ఏది ఎటు తిరిగిందో, ఏది ఎటు వాలిందో తెలిసేదాకా చెయ్యి. ముఖం గీయాలని చెయ్యి లాగుతుంది, లాగనీకు.

సుద్దముక్క

మాస్టారూ, ఇప్పుడే అద్దం ముందు నిలబడి చూశాను. సందు నిజంగానే రెండు వేళ్ళు! నా బొమ్మల్లో అక్కడ ఇంకో మనిషి పడతాడు.

ఫిజియో_పద్మ (వరంగల్)

మాస్టారు చెప్పిన మూడు ముద్దలు సరిగ్గా ఎక్కడున్నాయో పైనుంచి ఎలా తెలుస్తుంది? దానికి నా దగ్గర జవాబుంది. నేను ఫిజియోథెరపిస్టుని. చర్మం మీంచి వేలితో ఎముకని వెతకడమే మా రోజువారీ పని.

కొన్నిచోట్ల ఎముకకీ చర్మానికీ మధ్య దాదాపు ఏమీ ఉండదు. బొమ్మలకి ముందు కావలసినవి అవే. మీ ఒంటి మీదే తడుముతూ చదవండి.

గొంతు కింద గుంట. దానికి రెండు పక్కలా కాలర్ బోన్లు మొదలవుతాయి. ఆ ఎముక వెంట వేలు నడిపిస్తే తిన్నగా పోదు. ముందు బయటికి ఉబ్బి, తరవాత లోపలికి వంగి, భుజం కొనలో ఒక చదునైన గట్టి చోట ఆగుతుంది. అది భుజం పైకప్పు. అక్కడినుంచి వెనక్కి వెళ్తే రెక్క ఎముక గట్టు తగులుతుంది. తల వంచి మెడ వెనక తడిమితే అన్నిటికన్నా పొడుచుకొచ్చిన పూస దొరుకుతుంది. చాలామందిలో అది మెడపూసల్లో ఏడోది, అంటే చివరిది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ముందున్న గొంతు గుంట వెనకున్న ఆ పూస కన్నా బాగా కిందికి ఉంటుంది. అందుకే మెడ నిటారుగా నిలబడదు, ముందుకి వాలి ఉంటుంది. పక్కనుంచి గీసిన బొమ్మల్లో మెడని స్తంభంలా నిలబెడతారు చూడండి, తప్పు అదే.

కిందికొస్తే, పొట్టకి రెండు పక్కలా తుంటి ఎముక ముందు మొనలు. వెనక నడుము కింద రెండు సొట్టలు. ఈ నాలుగు చోట్లూ దొరికితే కటి ఎటు వాలిందో తెలిసిపోతుంది. తొడ పైభాగాన బయటివైపు ఒక గడ్డ తగులుతుంది, తొడ ఎముక భుజం లాంటిది. ఒత్తిగిలి పడుకుంటే పరుపుకి ఒత్తుకునేది అదే. మోకాలి చిప్ప, దాని కింద చిన్న బుడిపె, ఆ బుడిపె నుంచి లోపలి చీలమండ దాకా మోకాలి కింది పెద్ద ఎముక మొత్తం చర్మం కిందే ఉంటుంది. మంచం కోడు తగిలితే ప్రాణం పోయేది అక్కడే.

లావుగా ఉన్నవాళ్ళలో ఇవి కనపడవుగా అంటారేమో. ఇలాంటి చాలా చోట్ల కొవ్వు పెద్దగా చేరదు. చుట్టూ చేరుతుంది. సన్నటి మనిషిలో పొడుచుకొచ్చిన మోచెయ్యి బొద్దు మనిషిలో సొట్ట అవుతుంది. చోటు మారదు.

బన్నీ_డూడుల్స్

అక్కా, బస్సులో కూర్చుని భుజం తడుముకుంటుంటే పక్కాయన నొప్పా బాబూ అని జండూబామ్ ఇచ్చాడు.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్ (హైదరాబాద్)

యానిమేషన్‌లో పనిచేస్తాను కాబట్టి కదలిక గురించి చెప్తా. సుద్దముక్క గారి మామిడికాయ బొమ్మ సంగతే తీసుకుందాం.

చెయ్యి మొండేనికి ఎక్కడ అతుక్కుంది? అందరూ భుజం దగ్గర అంటారు. ఎముకల లెక్కలో చూస్తే చెయ్యంతటికీ మొండెంతో ఉన్న కీలు ఒక్కటే, కాలర్ బోన్ రొమ్ము ఎముకని కలిసే చోటు. అంటే గొంతు గుంట పక్కన. రెక్క ఎముకకి పక్కటెముకలతో కీలు లేదు, కండరాల మధ్య జారుతుంది, అంతే. అందుకని చెయ్యి లేచిందంటే కాలర్ బోన్, రెక్క ఎముక కూడా కదలాల్సిందే.

చెయ్యి పక్కనుంచి పూర్తిగా పైకి లేస్తే 180 డిగ్రీలు. అందులో భుజం కీలు ఇచ్చేది సుమారు 120, మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. కాబట్టి కాయ కోసే అమ్మాయికి చెయ్యొక్కటే పైకి లేపితే చాలదు. ఆ వైపు కాలర్ బోన్ బయటి కొన పైకి పోవాలి, భుజం చెవి దగ్గరికి రావాలి. వెనకనుంచి గీస్తుంటే రెక్క ఎముక కింది మొన చంక వైపు జరగాలి. ఇవేమీ లేకుండా భుజం మామూలుగా ఉంచి చెయ్యి పైకి తిప్పితే, మీరన్నట్టు అతికించినట్టే ఉంటుంది.

ఇంకోటి, ముంజేయి. అరచెయ్యి పైకి పెట్టి చాచినప్పుడు అందులో రెండు ఎముకలూ పక్కపక్కన ఉంటాయి. అరచెయ్యి నేలకి తిప్పగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా దాటుతుంది. చిటికెనవేలి వైపు ఎముక దాదాపు ఉన్నచోటే ఉంటుంది. మోచేతి మొన నుంచి మణికట్టు దాకా దాని అంచు చర్మం కిందే తగులుతుంది. నేను ముంజేయి ఏ భంగిమలో గీసినా ముందు ఆ గీత వేసుకుంటా. మిగతా కండ దానికి చుట్టుకుంటుంది.

బన్నీ_డూడుల్స్

అవేనా అన్నా రత్ని, అరత్ని? రెండు మార్కుల ప్రశ్న. ఇలా దాటుతాయని ఎవడూ చెప్పలేదు.

ఫిజియో_పద్మ

అవే. మోచెయ్యి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చూడండి. మోచేతికి మూడు మొనలు ఉంటాయి, లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి, వెనక ఒకటి. చెయ్యి చాపినప్పుడు వెనకనుంచి చూస్తే మూడూ ఒకే గీత మీద ఉంటాయి. మడిస్తే వెనక మొన కిందికి జారి మూడూ త్రిభుజం అవుతాయి. మోచెయ్యి తప్పిందా, ఎముక విరిగిందా అని వైద్యులు ప్రాథమికంగా చూసేది కూడా ఈ త్రిభుజాన్నే. మీ బొమ్మలో చాపిన చేతికి త్రిభుజం పడిందంటే ఆ మనిషిని కట్టు కట్టించుకోవడానికి మా దగ్గరికి పంపాల్సిందే.

గోదారిగట్టు (రాజమండ్రి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాకీ ఎముకల పిచ్చి మొదట్నుంచీ నచ్చదు. అమరావతి శిల్పాలు చూడండి, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో గోడల నిండా ఉన్నాయి. ఒక్క శరీరంలో కాలర్ బోన్ గానీ పక్కటెముక గానీ కనిపిస్తుందా? నిండుగా, నునుపుగా, లోపల ఊపిరి నిండినట్టు ఉంటాయి. మనవాళ్ళు తాళమానం, అంటే ముఖం పొడుగుతో ఒళ్ళంతా కొలిచే పద్ధతి, పెట్టుకున్నారు. విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం మనుషుల్ని హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని అయిదు రకాలు చేసింది. హంసకి 108 అంగుళాలు, శశకకి 90 (ఇంచులు కావు, ముఖం పొడుగులో పన్నెండో వంతు ఒక అంగుళం). ఆ కొలతలతో గీస్తే చాలు. శవాలు కోసి చూడాల్సిన ఖర్మ మనకెందుకు?

బొగ్గుగీత

గోదారిగట్టు గారూ, ఎగ్మోర్ నేనూ చూశాను, అమరావతి విషయంలో మీతో వాదన లేదు. కానీ ఎముక కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఆ శిల్పాల్లోనే ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డ స్త్రీని చూడండి. బరువు మోసే కాలివైపు తుంటి పైకి లేస్తుంది, మొలనూలు ఆ పక్కకి ఏటవాలుగా ఉంటుంది, పై మొండెం రెండోవైపు తిరిగి సర్దుకుంటుంది. త్రిభంగం అంటే తల, మొండెం, కటి మూడూ మూడు దిక్కులకి వాలడమే కదా. నేను సుద్దముక్కకి చెప్పిన మూడు ముద్దలూ అవే. ఆ శిల్పికి పేర్లు అక్కర్లేకపోయి ఉండవచ్చు, వాలు మాత్రం వేళ్ళ కొసల్లో ఉంది.

పైగా మనవాళ్ళు ఎముకలు చూపాలనుకున్న చోట చూపారు. బాదామి మొదటి గుహలో అర్ధనారీశ్వరుడి పక్కన భృంగి ఉన్నాడు. అమ్మవారిని వదిలేసి అయ్యకి మాత్రమే ప్రదక్షిణ చేసి, శాపంతో రక్తమాంసాలు పోగొట్టుకున్న భృంగి. ఒట్టి ఎముకల గూడు. పక్కనే నిండైన దేవుడి శరీరం. రెండూ పక్కపక్కన పెట్టి గీసి చూడండి, నునుపైన ఒంటి లోపల ఏముందో తెలుస్తుంది. చాముండ శిల్పాల్లోనూ అంతే, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

మీ ఊరి దామెర్ల రామారావునే తీసుకోండి. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చి మన పద్ధతిలో బొమ్మలేశాడు. 1925లో 27 ఏళ్ళకే పోయాడు పాపం. ఆయన బొమ్మల్లో ఆ మనుషుల నిలకడ చూడండి. గీత మనది, కింద నిలబడ్డ మనిషికి బరువుంది. ఆయన ఆర్ట్ గ్యాలరీ మీ ఊళ్ళోనే ఉంది, వీలైతే ఈసారి పెన్సిల్ స్కెచ్‌ల ముందు కాసేపు ఎక్కువ నిలబడండి.

గోదారిగట్టు

గ్యాలరీకి చిన్నప్పట్నుంచీ వెళ్తూనే ఉన్నాను మాస్టారూ. భృంగి మాట ఒప్పుకుంటాను, లేపాక్షి నాట్యమండపంలో కూడా మూడు కాళ్ళ భృంగి ఉన్నాడు. కానీ శాస్త్రం చదివి గీసినవాళ్ళ బొమ్మలు చాలావరకు మెడికల్ చార్టుల్లా ఉంటాయన్నది నా ఫిర్యాదు. అది మాత్రం వెనక్కి తీసుకోను.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్ళు మా స్టూడియోకి పోర్ట్‌ఫోలియో తెస్తారు. ప్రతి బొమ్మలోనూ కండలన్నీ ఒకేసారి బిగించి ఉంటాయి, కూర్చుని టీ తాగేవాడికి కూడా. తెలిసిందంతా చూపించాలన్న సరదా.

తాళమానం గురించి ఒక్క మాట. అందులో తాళం అంటే ముఖం పొడుగు, 12 అంగుళాలు. 108 అంగుళాలంటే తొమ్మిది ముఖాలు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఏడున్నర తలలు, ఎనిమిది తలలు అనేది నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచే లెక్క. రెండింటినీ కలిపేసి తొమ్మిది తలల మనిషిని గీసినవాళ్ళని చూశాను, కొబ్బరిచెట్టంత వచ్చాడు.

ఆస్టిన్_కుంచె

ఇక్కడ మా ఊళ్ళో వారానికోసారి ఓపెన్ స్టూడియో ఉంటుంది. మోడల్ నిమిషానికో భంగిమ మారుస్తుంది. పక్కనే స్టాండుకి ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడుతుంటుంది. మోడల్ కదలకుండా ఉన్న పొడుగు భంగిమల్లో మా టీచర్ ఆ అస్థిపంజరం చేతులు, కాళ్ళు అదే భంగిమలో పెట్టి చూపిస్తుంది. మనిషినీ ఎముకల్నీ పక్కపక్కన చూడటం గొప్ప అనుభవం.

అయినా నా ఓటు వేగానికే. ముందు ఒక్క గీతలో భంగిమ ఊపు పట్టుకోవాలి, ఎముకలు తరవాత. ముందే ముద్దలూ మొనలూ అని కూర్చుంటే బొమ్మ బిగుసుకుపోతుంది.

బొగ్గుగీత

ఊపు గీత నేనూ వేయిస్తాను నాయనా. కానీ ఆ అమ్మాయికి ఊపు ఉంది, ఆమె బొమ్మలో లేనిది ఎముక. లేనిదానికి కదా మందు వెయ్యాలి.

రంగులడబ్బా

నగ్నంగా ఉన్న మోడల్‌ని చూసి గీసే వీలు మా ఊళ్ళలో ఎక్కడిదండీ. ఇంట్లోవాళ్ళని కాసేపు కదలకుండా కూర్చోమంటేనే ఫోన్ తీస్తారు.

ఫిజియో_పద్మ

బట్టలున్నా పని జరుగుతుంది రంగులడబ్బా గారూ, కొన్నిచోట్ల ఇంకా తేలిక. పంచె, లుంగీ, చీర కింద లంగా బొందు, ఇవన్నీ తుంటి ఎముక అంచు మీదో దాని కాస్త పైనో నిలుస్తాయి. ఆ బొందు గీత ఎటు వాలిందో కటి కూడా అటే వాలింది. చంకన బిందె పెట్టుకున్న ఆవిడని చూడండి. బిందె బరువుని చెయ్యి పట్టుకుంటుంది గానీ మోసేది తుంటి ఎముక అంచు. అందుకే ఆ పక్క తుంటి బయటికి తోసి, మొండెం రెండోవైపుకి వాలుతుంది. పిల్లాణ్ణి చంకనేసుకున్నా అదే అమరిక. నీళ్ళ ట్యాంకర్ దగ్గర లైన్లో పదినిమిషాలు నిలబడి చూస్తే మీకు కావలసిన భంగిమలన్నీ దొరుకుతాయి.

చీర కుచ్చిళ్ళలో తొడలు కనపడవు కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. తొడ ఎముకలు తిన్నగా దిగవు. పైన తుంటి దగ్గర ఎడంగా ఉండి, మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి దగ్గరవుతాయి. అక్కడినుంచి కింద మాత్రం నిలువు. నడిచే మనిషి పాదాలు అందుకే ఒక గీతకి దగ్గరగా పడతాయి. రెండు కాళ్ళనీ రెండు సమాంతర గొట్టాలుగా దింపితే చీర కింద కూడా తేడా తెలిసిపోతుంది.

సుద్దముక్క

అసలైన ఎముకలు చూడాలంటే ఎక్కడ? తెనాలిలో ఓపెన్ స్టూడియోలు లేవు.

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

స్కెచ్‌ఫ్యాబ్ అనే వెబ్‌సైట్లో అస్థిపంజరం త్రీడీ మోడళ్ళు ఉచితంగా ఉన్నాయి. ఫోన్లోనే వేలితో ఏ కోణానికైనా తిప్పుకోవచ్చు. తిప్పి తిప్పి, మీరు గీస్తున్న ఫొటో కోణానికి తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. పుస్తకాల్లో ముందు, పక్క, వెనక మూడే ఉంటాయి. మనుషులు అలా నిలబడరు.

ఫిజియో_పద్మ

తెలిసిన మెడికల్ కాలేజీ విద్యార్థులు ఉంటే మొదటి ఏడాది వాళ్ళ దగ్గర బోన్ సెట్ ఉంటుంది, సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారుతూ వస్తుంది. అసలు ఎముకల కోసం మాత్రం తిరగొద్దు. ఒకప్పుడు మన దేశం నుంచి అస్థిపంజరాలు విదేశాలకి తెగ ఎగుమతి అయ్యేవి, 1985లో ప్రభుత్వం నిషేధించింది. వాటి వెనక ఉన్న కథలు మంచివి కావు. ఇప్పుడు ఫైబర్‌వి దొరుకుతున్నాయి, బొమ్మలకి అవి చాలు. పెద్ద మెడికల్ కాలేజీల్లో అనాటమీ మ్యూజియం ఉంటుంది. విభాగాధిపతికి ఉత్తరం రాసి అడిగి చూడండి, కొన్నిచోట్ల కూర్చుని గీసుకోనిస్తారు. కుదరకపోతే మీ ఊరి జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబ్.

ఆస్టిన్_కుంచె

కోణాల మాట వచ్చింది కాబట్టి. లియొనార్డో డావిన్చీ 1510-11 చలికాలంలో వేసిన భుజం బొమ్మలు ఇంగ్లండ్ రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఒకే భుజాన్ని ముందునుంచి వెనకదాకా కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా గీశాడు. ఫ్రేమ్ గారు ఫోన్లో తిప్పమన్నది ఆయన కాగితం మీద చేశాడు. మరో ముప్పై ఏళ్ళకి 1543లో వెసాలియస్ అనే వైద్యుడి శరీర నిర్మాణం పుస్తకం వచ్చింది. అందులో అస్థిపంజరాలు ఊరికే వేలాడవు. ఒకటి పార మీద ఆనుకుని నిలబడుతుంది, ఇంకొకటి సమాధి మీద పుర్రె పెట్టుకుని ఆలోచిస్తుంటుంది. ఎముకలకి కూడా భంగిమ ఉంటుందని నాకు అర్థమైంది వాటిని చూశాకే. వాటిని కాపీ చేస్తే ఊపూ వస్తుంది, ఎముకా వస్తుంది. మాస్టారికీ నాకూ రాజీ!

బొగ్గుగీత

రాజీయే. వాటిని కాపీ చేయమనే నా మాట కూడా.

రైతుబిడ్డ_ఆర్ట్ (ఒంగోలు)

దారి మళ్ళిస్తున్నందుకు క్షమించాలి. గిత్తలు గీసేవాళ్ళకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

బ్రహ్మాండంగా. మనిషి ఎముకలు తెలిస్తే పశువు సగం తెలిసినట్టే, పొడుగులు మారాయంతే. ఎద్దు ముందుకాలికి మనం మోకాలు అనుకునేది నిజానికి మణికట్టు. వెనక కాలికి వెనక్కి వంగినట్టు కనపడేది మడమ. అసలు మోకాలు పైన, పొట్ట దగ్గర ఉంటుంది. ఇంకొకటి, పశువుకి కాలర్ బోన్ ఉండదు. ముందుకాళ్ళు మొండేనికి కండతోనే వేలాడతాయి. మూపురంలో ఎముక ఏమీ లేదు, కండా కొవ్వూ. కాబట్టి గిత్త పరిగెత్తేటప్పుడు మూపురం ఒక పక్కకి ఊగాలి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడదాం.

సుద్దముక్క

ట్రేసింగ్ కాగితాల కట్ట అయిపోయింది. చేతులూ కాళ్ళూ లేకుండా గీయడం మొదట్లో పరమ బోరు. తరవాత సీరియల్ చూస్తున్నా కటి ఎటు వాలిందో కనపడటం మొదలైంది, మా అత్తగారు కథ అడిగితే చెప్పలేకపోతున్నాను. మామిడికాయ కోసే అమ్మాయిని మళ్ళీ గీశాను. జతచేశాను చూడండి. మొహమాటం లేకుండా చెప్పండి.

[చిత్రం: మామిడిచెట్టు, అమ్మాయి – రెండో ప్రయత్నం]

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

భుజం లేచింది! కాలర్ బోన్ వాలు చక్కగా ఉంది, పక్కటెముకల గూడు ఆ వైపు తెరుచుకున్నట్టు తెలుస్తోంది. చెయ్యి ఇప్పుడు ఒంట్లోంచి వచ్చింది.

ఫిజియో_పద్మ

చాలా బావుంది. రెండు చిన్న విషయాలు. చీలమండలు రెండూ ఒకే ఎత్తులో పెట్టారు. లోపలిది కాస్త పైకి, బయటిది కిందికి ఉండాలి. ఏ పాదం గీసినా ఈ ఏటవాలు గీత వేసుకోండి, సగం పాదం కుదురుతుంది.

రెండోది కాయ పట్టుకున్న వేళ్ళు. చేతి వెనకవైపు నుంచి చూస్తే వేళ్ళు మెటికల దగ్గర మొదలవుతాయి. అరచేతి వైపు నుంచి చూస్తే వేలి మొదటి ఎముకలో సగం దాకా అరచెయ్యి కప్పేస్తుంది. అందువల్ల అదే వేలు వెనకనుంచి పొడుగ్గా, ముందునుంచి పొట్టిగా కనపడుతుంది. మీరు అరచేతి వైపు గీసి, పొడుగు మాత్రం వెనకవైపుది ఇచ్చారు. మెటికలు కూడా ఒకే గీత మీద ఉండవు, మధ్యవేలి మెటిక ఎత్తు, చిటికెనవేలికి వచ్చేసరికి దిగిపోవాలి.

గోదారిగట్టు

చార్టులా లేదు. పిల్ల ముచ్చటగా ఉంది. పాదం మడమ లేచిన తీరు నాకు బాగా నచ్చింది.

బొగ్గుగీత

గోదారిగట్టు గారే మెచ్చుకున్నాక నేను చెప్పేదేముంది. ఒక్కటే. తల పక్కనుంచి గీసినప్పుడు వెనక భాగం కోసేశావు. జడ ఉందని తప్పించుకున్నావు గానీ, జడ విప్పితే పుర్రె సగమే ఉంటుంది. పక్కనుంచి చూస్తే తల లోతు దాని ఎత్తుకి ఎంతో తక్కువ కాదు. చెవి ఆ లోతులో మధ్యకి కాస్త వెనగ్గా పడాలి.

సుద్దముక్క

అన్నీ రాసుకున్నాను. ఇంకొక సందేహం. నా కథల్లో ఎక్కువమంది పిల్లలు. ఈ కొలతలు, మొనలు వాళ్ళకీ ఇవేనా? మొన్న గీసిన పసివాడు మీసాలు లేని మావయ్యలా వచ్చాడు.

ఫిజియో_పద్మ

పిల్లలు పెద్దవాళ్ళ చిన్న సైజు కాదు, అందుకే మావయ్య వచ్చాడు. పుట్టిన బిడ్డకి ఒళ్ళంతటిలో పావు వంతు తలే. అయిదారేళ్ళకి సుమారు ఆరో వంతుకి వస్తుంది. పెద్దవాళ్ళలో ఏడో ఎనిమిదో వంతు. తలలో కూడా పై డొప్ప పెద్దది, దవడ చిన్నది. పెద్దవాళ్ళకి కళ్ళు తల ఎత్తులో సగం దగ్గర ఉంటే, పసిపిల్లలకి సగానికి కిందికి దిగుతాయి.

పసివాళ్ళ పక్కటెముకలు మనలా ముందుకి కిందికి వాలవు, కాస్త అడ్డంగా ఉంటాయి. గూడు గుండ్రంగా, భుజాలు పైకి ఎత్తినట్టు, మెడ లేనట్టు కనపడుతుంది. మీరు పెద్దవాళ్ళ మెడ పెట్టి ఉంటారు, తీసేయండి. ఎముకలు తగిలే చోట్లన్నీ సొట్టలే, ముఖ్యంగా మెటికలూ మోచేతులూ. మోకాలి చిప్ప కూడా పసివాళ్ళలో ఇంకా మృదులాస్థే, మూడేళ్ళు దాటాక మెల్లగా ఎముక కావడం మొదలవుతుంది. కాబట్టి ఏడాది పిల్లాడి మోకాలికి చదరంగా చిప్ప గీయకండి. గుండ్రంగా వదిలేసి పైనా కిందా చిన్న మడత ఇవ్వండి.

బన్నీ_డూడుల్స్

అక్కా, మా చెల్లికి ఎనిమిదేళ్ళు. దానికి ఎన్ని తలలు?

ఫ్రేమ్_బై_ఫ్రేమ్

ఆరున్నర దగ్గర పెట్టుకుని మొదలుపెట్టు. కానీ చెల్లి ఇంట్లోనే ఉందిగా, గోడకి నిలబెట్టి స్కేలుతో కొలువు. మోకాలి చిప్ప నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, మోచెయ్యి నడుముకి ఎక్కడ తగులుతోందో కూడా రాసి ఇక్కడ పెట్టు. సుద్దముక్క గారికీ పనికొస్తుంది.